వేలు, వరుస, తోడు: ఇంటి కంప్యూటరు ముందు తెలుగు శిశువు అక్షరాభ్యాసం

ఉపోద్ఘాతం

బడి ఈడు రాకముందే పిల్లలు ఇంట్లో కంప్యూటరును వాడడం గురించి జరిగే చర్చ సాధారణంగా ఒకే ప్రశ్న దగ్గర ఆగుతుంది: రోజుకు ఎంతసేపు? అది అవసరమైన ప్రశ్నే. కాని ప్రధానంగా వైద్యుల ప్రశ్న. భాషాసాహిత్య విద్యార్థి అడగవలసినది మరొకటి ఉంది. ఆ యంత్రం ముందు కూర్చున్న శిశువుకు తొలి అక్షరం ఏ రూపంలో, ఏ క్రమంలో, ఎవరి చేతి మీదుగా అందుతున్నది? ఈ ప్రశ్న వేసుకుంటే ఇంటి కంప్యూటరు కథ 1977లో అమెరికా దుకాణాలలో మొదలైనట్లు కాక, తెలుగు ఇళ్లలో అంతకు చాలా ముందే మొదలైన అక్షరాభ్యాస చరిత్రలో ఒక అధ్యాయంగా కనిపిస్తుంది.

ఈ వ్యాసంలో కంప్యూటరు అన్నప్పుడు బల్లమీది యంత్రంతో పాటు ట్యాబ్లెట్, స్మార్ట్‌ఫోన్‌లను కూడా గ్రహించాలి. శిశువు అంటే సుమారు మూడు నుంచి ఆరేళ్ల వయసువారు. అక్షరాభ్యాసాన్ని మూడు అంశాలుగా విడదీసి పరిశీలించడం ఇక్కడ అనుసరించిన పద్ధతి. మొదటిది వేలు, అంటే అక్షరరూపాన్ని చేయి గీసే కదలిక. రెండవది వరుస, అంటే వర్ణమాల, గుణింతాలు నేర్చే క్రమం, ఏ భాష లిపి ముందు వస్తుందన్న క్రమం. మూడవది తోడు, అంటే పక్కన కూర్చుని చేయి పట్టి రాయించే మనిషి. ఇంటి కంప్యూటరు ఈ మూడింటినీ కదిలించింది. మొదటి రెండింటిని సాంకేతికత కొంతవరకు తిరిగి సమకూర్చింది. మూడవదాన్ని సమకూర్చడం దానివల్ల అయ్యే పని కాదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

బియ్యంలో వేలు

తెలుగు ప్రాంతపు వీధిబడుల గురించి మనకు లభించే వివరమైన తొలి వర్ణనలలో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో మద్రాసు రెవెన్యూ బోర్డుకు పంపిన నివేదిక ముఖ్యమైనది. 1822లో గవర్నరు థామస్ మన్రో ఆదేశించిన విద్యా సర్వేలో అది భాగం. ధరంపాల్ 1983లో ప్రచురించిన సంకలనం ద్వారా అది ఈ కాలపు పరిశోధకులకు సులభంగా అందుబాటులోకి వచ్చింది. ఆనాటి బళ్లారి జిల్లాలో 533 బడులు ఉండగా వాటిలో 226 తెలుగు బడులని క్యాంప్‌బెల్ లెక్క చెప్పాడు.

ఆ నివేదికలో ఈ వ్యాసానికి అవసరమైన రెండు విషయాలు ఉన్నాయి. ఒకటి, చదువు మొదలయ్యే చోటు. పిల్లవాడికి అయిదో ఏడు రాగానే అయ్యవారిని, బడిపిల్లలను తల్లిదండ్రులు తమ ఇంటికే పిలుస్తారు. వినాయకుని ప్రతిమ చుట్టూ అందరూ కూర్చుంటారు. అయ్యవారు పిల్లవాడి పక్కన కూర్చుని, అతని వేలిని నడిపిస్తూ బియ్యంలో దైవనామం రాయిస్తాడు. అంటే తొలి అక్షరం పుట్టినది బడిలో కాదు, ఇంట్లో. రెండు, బడిలో చేరిన తర్వాతి పద్ధతి. పిల్లలు ముందుగా అక్షరాలను వల్లించి కాక, నేలమీది ఇసుకలో వేలితో రాస్తూ నేర్చుకుంటారనీ, ఐరోపా పద్ధతికి ఇది భిన్నమనీ క్యాంప్‌బెల్ ప్రత్యేకంగా గుర్తించాడు. ఇసుక తర్వాత బియ్యపు ముద్ద, బొగ్గుపొడి పూసిన చెక్కపలక, గంజి పెట్టి మడతలు వేసిన గుడ్డతో చేసిన కడితం, బలపం వస్తాయి. తడిగుడ్డతో తుడిచి మళ్లీ రాసుకోవచ్చు. తప్పు చేయడానికి ఖర్చు లేని సాధనాలివి.

నేటికీ బాసర జ్ఞానసరస్వతి ఆలయంలోనూ, ఎన్నో ఇళ్లలోనూ జరిగే అక్షరాభ్యాసంలో బియ్యం, పలక, చేయి పట్టి రాయించే పెద్దవారు ఉంటారు. కర్మకాండగా మిగిలిన ఈ దృశ్యంలో ఒక బోధనాపద్ధతి దాగి ఉంది. అక్షరం మొదట కంటికి కాక చేతికి తెలుస్తుంది. ఆ చేతిని మరొక చేయి నడిపిస్తుంది.

అయితే ఈ గతాన్ని స్వర్ణయుగంగా చూడటానికి ఆధారం లేదు. అదే నివేదిక ప్రకారం ఆ జిల్లాలో బడికి వెళ్లే 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది మాత్రమే. ఊళ్లో చాలా ఇళ్లకు అయ్యవారు రానేలేదు. కనుక కంప్యూటరు కాలంలో పోయినదేమిటో లెక్కకట్టేటప్పుడు, ఆ పోయినది మొదట ఎవరికి ఉండేదన్న ప్రశ్నను కూడా పక్కన ఉంచుకోవాలి.

ఇసుక ప్రయాణం, తోడు సంప్రదాయం

ఇసుకలో రాసే పద్ధతి మన ప్రాంతంలోనే ఆగిపోలేదు. మద్రాసులోని మగ అనాథ బాలల ఆశ్రమానికి బాధ్యుడిగా ఉన్న ఆండ్రూ బెల్ స్థానిక వీధిబడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు రాయడం చూసి దానిని తన బడిలో ప్రవేశపెట్టాడు. పెద్ద పిల్లలు చిన్నవారికి నేర్పే పద్ధతిని కూడా అక్కడ అమలు చేశాడు. 1797లో లండనులో అచ్చయిన ఆయన పుస్తకంతో ఇది 'మద్రాసు పద్ధతి'గా ఇంగ్లండులో వ్యాపించింది. మన బడులలో ముందుకు సాగిన పిల్లలు వెనుకబడినవారికి నేర్పే ఏర్పాటును, అది ఇంగ్లండులో అనుకరణ పొందిన సంగతిని క్యాంప్‌బెల్ కూడా మెచ్చుకున్నాడు. దీనిని బట్టి ఇసుక ఒంటరి సాధనం కాదని తెలుస్తుంది. ఇసుక ముందు ఇద్దరు ఉంటారు: నేర్చుకునేవారు, వారికంటే ఒక మెట్టు పైన ఉన్నవారు.

ఇరవయ్యో శతాబ్దిలో ఇంటికి వచ్చిన కొత్త మాధ్యమాలు ఈ తోడును పోగొట్టలేదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ఆకాశవాణిలో పిల్లల కార్యక్రమాన్ని 'రేడియో అన్నయ్య', 'రేడియో అక్కయ్య'లుగా నడిపారు. 1940లో ఆంధ్ర బాలానంద సంఘాన్ని స్థాపించారు, 1945లో 'బాల' పత్రికను తెచ్చారు. రేడియో స్వరం కూడా పిల్లలకు ఒక బంధుత్వపు పిలుపుతోనే పరిచయం కావడం గమనించదగినది. 1947 జూలైలో మొదలైన 'చందమామ' చదవడం వచ్చినవారి పత్రికే అయినా, చదవడం రాని పిల్లలకు అమ్మో తాతో చదివి వినిపించే పత్రికగా ఇళ్లలో నిలిచింది. అంటే యంత్రమో అచ్చో ఇంట్లోకి వచ్చినప్పుడు శిశువుకూ దానికీ మధ్య ఒక మనిషి ఉండటం అప్పటికి సహజమైన ఏర్పాటు. ఇంటి కంప్యూటరు ఈ ఏర్పాటులోకి వచ్చి చేరింది.

మీటల ముందు శిశువు

1977లో ఆపిల్-2, కమొడోర్ పెట్, టీఆర్‌ఎస్-80 అనే మూడు యంత్రాలు అమెరికాలో అమ్మకానికి వచ్చాయి. ఇళ్లలో పెట్టుకునే కంప్యూటర్ల యుగం అక్కడ మొదలైంది. వాటితో పనిచేయాలంటే అక్షరాల మీటలు నొక్కాలి. అక్షరం రాని శిశువుకు ఈ మీటలే తొలి అడ్డంకి అని పరిశోధకులు అప్పటికే గ్రహించారు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సేమర్ పేపర్ట్ బృందంతో పనిచేసిన రేడియా పెర్ల్‌మన్ 1970 దశకం మధ్యలో బడి ఈడు రాని పిల్లల కోసం అక్షరాల మీటలు లేని బొత్తాల పెట్టెను రూపొందించింది. ఒక బొత్తాం నొక్కితే తాబేలు అనే చిన్న మరబొమ్మ ముందుకు కదులుతుంది, మరొకటి నొక్కితే పక్కకు తిరుగుతుంది.

ఆ తాబేలు 1967లో వాలీ ఫ్యూర్జిగ్, పేపర్ట్, సింథియా సాలమన్‌లు మొదలుపెట్టిన లోగో అనే కంప్యూటరు భాషకు సంబంధించినది. జెనీవాలో పియాజే వద్ద పనిచేసిన పేపర్ట్ 1980లో ప్రచురించిన 'మైండ్‌స్టార్మ్స్' గ్రంథంలో ఈ తాబేలును ఒక బోధనాసిద్ధాంతంగా మలిచాడు. వృత్తం ఎలా గీయాలో తెలియని పిల్ల తానే తాబేలునని ఊహించుకుని నడిచి చూడాలి: కొంచెం ముందుకు, కొంచెం పక్కకు, మళ్లీ కొంచెం ముందుకు. ఆకారాన్ని శరీరంతో తెలుసుకోవడమే ఇందులోని మర్మం. బియ్యంలో వేలు నడిపినప్పుడు జరిగేది కూడా ఇటువంటిదే. కనుక కంప్యూటరు స్వభావరీత్యా చేతి కదలికకు శత్రువన్న అభిప్రాయం చారిత్రకంగా నిలవదు. శిశువు కోసం ఆలోచించిన తొలితరం శాస్త్రజ్ఞులు శరీరపు కదలికనే ఆధారంగా తీసుకున్నారు.

కాని ఇళ్లకు చేరినది పెర్ల్‌మన్ బొత్తాల పెట్టె కాదు, క్వెర్టీ మీటల పలక. భారతదేశంలో పిల్లలకు కంప్యూటరును పరిచయం చేసిన తొలి పెద్ద ప్రభుత్వ పథకం 1984-85లో బీబీసీ మైక్రో యంత్రాలతో మొదలైన 'క్లాస్'. అది బడులకు, అదీ పై తరగతులకు పరిమితం. మధ్యతరగతి ఇళ్లలోకి కంప్యూటరు రావడం 1990 దశకం రెండో సగంలో, 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చిన తర్వాత, పుంజుకుంది. అది హాల్లో ఒక మూల, దుమ్ము పడకుండా గుడ్డ కప్పుకుని, పెద్దల అనుమతితో తెరిచే వస్తువు. ఈ వ్యాసకర్త తరానికి చెందిన ఎందరో పిల్లలు దానిలో మొదట తెరిచినది పెయింట్. మౌస్ పట్టుకుని గీతలు గీయడం, రంగు నింపడం, చెరిపి మళ్లీ గీయడం: ఇందులో పలక స్వభావం కొంత మిగిలే ఉంది. అక్షరం దగ్గరకు వచ్చేసరికి మాత్రం పరిస్థితి మారింది. అక్షరాన్ని గీయనక్కరలేదు, ఏరుకుంటే చాలు. మీటమీద ముద్రించి ఉన్న ఆ అక్షరాలన్నీ రోమన్ పెద్దక్షరాలే.

వరుస తారుమారు

ఇక్కడ ఒక విచిత్రమైన చారిత్రక సత్యం ఉంది. కంప్యూటరులో తెలుగును అమర్చినవారు వర్ణమాల క్రమాన్ని కాదనలేదు, గౌరవించారు. 1986లో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ ప్రమాణీకరించిన ఇన్‌స్క్రిప్ట్ మీటల అమరికలో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులలో ఎక్కువ భాగం కుడిచేతి వైపు ఉంటాయి. క, ఖ ఒకే మీటమీద, గ, ఘ ఒకే మీటమీద, త, థ ఒకే మీటమీద ఉంటాయి. అల్పప్రాణం మామూలుగా, మహాప్రాణం షిఫ్ట్‌తో. ఇది వర్గాక్షరాల వ్యవస్థ తెలిసినవారు చేసిన ఏర్పాటు. 1991లో వచ్చిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగు ఉంది. అందులో సున్నా, విసర్గ వంటి గుర్తుల తర్వాత అచ్చులు, ఆపై క వర్గం మొదలుకొని హల్లులు, తర్వాత గుణింతపు గుర్తులు వరుసగా ఉంటాయి.

అంతేకాదు, యూనికోడ్‌లో 'కి' అనే అక్షరం ఒకే ముక్కగా ఉండదు. ముందు క, దాని తర్వాత గుడి. 'కా' అంటే క, దాని తర్వాత దీర్ఘం. వీధిబడిలో పిల్లలు కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి అని వల్లించే గుణింతపు సూత్రం యంత్రంలో యథాతథంగా నిలిచి ఉంది. పుదూరు సీతారామశాస్త్రి 1832లో 'బాలశిక్ష' కూర్చిన నాటికే పాతదైన వర్ణమాల క్రమం కంప్యూటరు కడుపులో భద్రంగా ఉంది.

మరి తారుమారు ఎక్కడ జరిగింది? ఇంట్లో. ఇన్‌స్క్రిప్ట్ అక్షరాలు ముద్రించిన మీటల పలక సామాన్యుల ఇంటికి రాలేదు. ఇళ్లలోని విండోస్‌కు తెలుగు మద్దతు, 'గౌతమి' ఖతితో సహా, 2001లో విండోస్ ఎక్స్‌పీతో గాని అందలేదు. అప్పటివరకు తెలుగు అక్షరాలు ముద్రణాలయాల ప్రత్యేక సాఫ్ట్‌వేర్లలో, వాటివాటి ఖతులలో ఉండేవి. ఈలోగా 1990 దశకం తొలి ఏళ్లలో అమెరికాలోని తెలుగువారు రూపొందించుకున్న ఆర్‌టీఎస్ లిప్యంతరీకరణ వంటి పద్ధతులు రోమన్ మీటలతో తెలుగు రాసే వీలు కల్పించాయి. పరాయి దేశంలో మాతృభాషలో ఉత్తరప్రత్యుత్తరాలు జరుపుకోవడానికి అక్షరాస్యులైన పెద్దలు చేసుకున్న చక్కని ఏర్పాటు అది. తెలుగులో ఇంటర్నెట్ రచన పెరగడానికి దాని దారి ఎంతో తోడ్పడింది. కాని శిశువు వైపు నుంచి చూస్తే దాని ఫలితం వేరు.

ఒక ఉదాహరణ. 'అమ్మ' అని రాయడానికి ఇన్‌స్క్రిప్ట్‌లో అ, మ, పొల్లు, మ అనే నాలుగు గుర్తులు కావాలి. రోమన్ పద్ధతిలో ఎ, ఎమ్, ఎమ్, ఎ అనే నాలుగు మీటలు కావాలి. శ్రమ సమానమే. కాని మొదటిది రాయాలంటే తెలుగు ఒత్తు ఎలా ఏర్పడుతుందో తెలియాలి. రెండవది రాయాలంటే ఇంగ్లీషు అక్షరమాల తెలియాలి. నాలుగేళ్ల పిల్ల ఇంటి కంప్యూటరులో అమ్మ అని రాయాలంటే ముందు ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకుని, వాటి గుమ్మం గుండా తెలుగులోకి ప్రవేశించాలి. ఏ విధానపత్రమూ చేయని నిర్ణయం ఒక మీటల పలక చేసింది.

ఈ నిర్ణయాన్ని యంత్రానికే అంటగట్టడం మాత్రం న్యాయం కాదు. ఇల్లు దానికి ముందే సిద్ధంగా ఉంది. గురజాడ 'కన్యాశుల్కం'లో గిరీశం, వెంకటేశం ఇంగ్లీషులో మాట్లాడుకుంటే విని ఆనందించాలని వెంకమ్మ కోరుతుంది. గిరీశం ఒక ఆంగ్ల శిశుగీతపు మాటలు అప్పజెబుతాడు, వెంకటేశం పాఠ్యపుస్తకపు వాక్యాలు అప్పజెబుతాడు. అర్థం తెలియని తల్లి మురిసిపోతుంది. ఆనాడు గిరీశం నోట పలికిన నక్షత్రపు పాటనే నేడు ఫోను తెరమీద చూసి రెండేళ్ల పిల్ల పలుకుతున్నది. మురిసిపోయే తల్లి కూడా ఉన్నది. కంప్యూటరు ఈ కోరికను సృష్టించలేదు. దానికి ఒక యంత్రరూపం ఇచ్చింది.

గాజుపలక: వేలు తిరిగి వచ్చింది

2010లో ఐప్యాడ్, ఆ తర్వాత చౌకగా దొరికిన ఆండ్రాయిడ్ ఫోన్లు ఈ చరిత్రను మరో మలుపు తిప్పాయి. మీటలు పోయి గాజు వచ్చింది. పెర్ల్‌మన్ గుర్తించిన అడ్డంకి తొలగిపోయింది. నడక రాకముందే వేలితో తెరను జరపగల శిశువు ఇంటింటా కనిపించసాగింది. తెలుగు అక్షరాలను చుక్కల వెంట దిద్దించే యాప్‌లు వచ్చాయి. బియ్యం, ఇసుక, పలకల వరుసలో గాజుపలక కూడా చేరినట్లు కనిపించింది. ప్రథమ్ సంస్థ వెలువరించే అసర్ నివేదికల ప్రకారం దేశంలో బడిపిల్లలున్న గ్రామీణ కుటుంబాలలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 2018లో 36.5 శాతం కాగా 2021 నాటికి 67.6 శాతమయ్యాయి. 1823లో అయ్యవారు గడప తొక్కని ఇళ్లలోకి కూడా ఈ పలక చేరడం చిన్న విషయం కాదు.

వేలు తిరిగి వచ్చింది సరే, వేలు చేసే పని కూడా తిరిగి వచ్చిందా? దీనికి ఇతర భాషలలో జరిగిన రెండు పరిశోధనలు ఉపకరిస్తాయి. ఫ్రాన్స్‌లో మరీకే లాంగ్‌కాంప్ బృందం 2005లో ప్రచురించిన పరిశోధనలో మూడు నుంచి అయిదేళ్ల పిల్లలలో కొందరు అక్షరాలను చేత్తో రాసి, కొందరు మీటలు నొక్కి నేర్చుకున్నారు. వారిలో పెద్ద వయసు పిల్లలలో చేత్తో రాసినవారే అక్షరాలను బాగా గుర్తుపట్టారు. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో కేరిన్ జేమ్స్, లారా ఎంగెల్‌హార్ట్ 2012లో ప్రచురించిన పరిశోధన అయిదేళ్ల వయసులో ఇంకా చదవడం రాని పిల్లల మీద జరిగింది. చూసి సొంతంగా రాయడం, గీతల మీద దిద్దడం, మీట నొక్కడం అనే మూడు పద్ధతులను వారు పోల్చారు. చదివేటప్పుడు పనిచేసే మెదడు భాగాలు సొంతంగా రాసిన అక్షరాలను చూసినప్పుడే స్పష్టంగా స్పందించాయి.

ఈ రెండూ రోమన్ అక్షరాల మీద జరిగినవి. అయినా రెండో పరిశోధన మనకు ఒక ఇబ్బందికరమైన విషయాన్ని గుర్తు చేస్తుంది. మన సంప్రదాయంలో కూడా మొదటి మెట్టు దిద్దడమే కదా? నిజమే. అయ్యవారు రాసిచ్చిన ఒరవడి మీద పిల్లలు పదేపదే దిద్దేవారు. కాని దిద్దడంతో చదువు ఆగేది కాదు. దిద్దిన పలకను తుడిచి, ఏమీ లేని పలకమీద చూడకుండా రాయమనేవారు. వంకర వస్తే పక్కనున్నవారు చూసి సరిదిద్దేవారు. తెరమీది యాప్ సాధారణంగా చుక్కలు ముగిసిన వెంటనే చప్పట్లు కొట్టి తర్వాతి అక్షరానికి పోతుంది. దిద్దించడానికీ రాయించడానికీ మధ్య ఉన్న మెట్టు అక్కడ లుప్తమవుతుంది. కనుక లోపం గాజులో లేదు, పాఠపు నిర్మాణంలో ఉంది. అది సరిచేయదగిన లోపమే.

తెలుగు లిపి విషయంలో ఈ మెట్టు ప్రాముఖ్యం ఇంకా ఎక్కువ. మన సోదరలిపి అయిన కన్నడంలో పిల్లల అక్షరజ్ఞానాన్ని పరిశీలించిన సొనాలీ నాగ్ 2007లో చూపినట్లు, గుణింతాలు, ఒత్తులతో కూడిన అక్షరసముదాయాన్ని స్వాధీనం చేసుకోవడానికి పిల్లలకు కొన్నేళ్లు పడుతుంది. ఇరవయ్యారు అక్షరాల లిపికి సరిపోయే యాప్ నమూనాను వందలకొద్దీ గుణింతాల లిపికి తగిలించడం వల్ల అచ్చులు, హల్లుల దగ్గరే చదువు ఆగిపోయే ప్రమాదం ఉంది.

2017 ఆగస్టులో గూగుల్ స్వరంతో టైపు చేసే సౌకర్యాన్ని తెలుగుకు విస్తరించింది. దీనితో వరుస సమస్యకు ఒక అనూహ్యమైన పరిష్కారం దొరికింది. ఇంగ్లీషు అక్షరాలు రాని శిశువు తెలుగులో పలికితే యంత్రం తెలుగు లిపిలో రాస్తుంది. మౌఖిక భాషకు ఇది గొప్ప గౌరవం. చూపు మందగించిన నాయనమ్మకూ, అక్షరం రాని మనుమరాలికీ ఒకేసారి దక్కిన సౌలభ్యం. కాని అక్షరం నేర్వకుండానే పని జరుగుతుందంటే, నేర్వవలసిన అవసరాన్ని శిశువుకు కలిగించే బాధ్యత ఇక యంత్రానిది కాదు. ఆ బాధ్యత ఎవరిదన్న ప్రశ్నే మనల్ని మూడో అంశానికి తీసుకువస్తుంది.

తోడు లేని పలక

శిశువుల తెర వాడకం మీద వైద్యసంస్థలు ఇచ్చిన సూచనలను కాలక్రమంలో చదివితే ఒక మార్పు కనిపిస్తుంది. 1999లో అమెరికా బాలవైద్యుల సంఘం రెండేళ్లలోపు పిల్లలకు టెలివిజన్ వద్దని చెప్పింది. 2016లో అదే సంఘం పద్దెనిమిది నెలలలోపు పిల్లలకు తెర వద్దంటూనే ఒక మినహాయింపు ఇచ్చింది: వీడియో సంభాషణ. రెండు నుంచి అయిదేళ్లవారికి రోజుకు గంటకు మించవద్దనీ, పెద్దలు పక్కన కూర్చుని చూడాలనీ కూడా చెప్పింది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు కదలకుండా కూర్చుని తెర చూసే సమయం గంటకు మించరాదని, తగ్గితే మరీ మంచిదని నిర్దేశించింది. వీడియో సంభాషణకు ఇచ్చిన మినహాయింపు సాహిత్య విద్యార్థికి ఆసక్తికరం. తెర అదే, వెలుగు అదే. తేడా ఒక్కటే: అవతల పిలిస్తే పలికే మనిషి ఉన్నాడు. డల్లాస్‌లోని మనుమడికి గుంటూరులోని అమ్మమ్మ తెరమీద కథ చెబుతున్నప్పుడు కంప్యూటరు తోడును తొలగించడం లేదు, మోసుకువస్తున్నది.

2020లో కరోనా కారణంగా బడులు మూతపడినప్పుడు ఈ సూత్రం పరీక్షకు వచ్చింది. ఆ ఏడాది జూలైలో కేంద్రం విడుదల చేసిన 'ప్రజ్ఞాత' మార్గదర్శకాలు బడి ఈడు రాని పిల్లల విషయంలో రోజుకు అరగంటకు మించకుండా తల్లిదండ్రులతో మాట్లాడి మార్గదర్శనం చేయాలని సూచించాయి. అంటే పాఠం చెప్పవలసినది తెర కాదు, తల్లిదండ్రులని ఆ పత్రం గుర్తించింది. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా మొదలైన ప్రభుత్వ డిజిటల్ పాఠాలు మూడో తరగతి నుంచి పైవారికి. అక్షరాలు దిద్దే వయసువారి చదువు దాదాపు పూర్తిగా ఇంటిమీద పడింది. చేయి పట్టి రాయించే పెద్దవారున్న ఇంట్లో పిల్ల పలక పట్టింది. కూలికి పోక తప్పని ఇంట్లో, ఫోను ఒక్కటే ఉండి అది తండ్రితో పాటు పనికి పోయే ఇంట్లో, పిల్లకు పలకా లేదు, తెరా లేదు. 1823 నాటి అసమానత వేరొక రూపంలో పునరావృతమైంది. ఆనాడు అయ్యవారు రాని ఇల్లు ఉండేది. ఈనాడు పలక ఉన్నా పక్కన కూర్చునే తీరిక లేని ఇల్లు ఉంది.

ఈ దృష్టితో చూస్తే పిల్లల చేతికి ఫోను ఇచ్చి పనిచూసుకునే తల్లిని నిందించడం తేలిక, నిష్ప్రయోజనం. అయ్యవారు, ముందుకు సాగిన తోటి బడిపిల్లలు, తాతమ్మలు, పిన్నమ్మలు పంచుకున్న పని నేడు ఒకరిద్దరి మీద పడింది. తోడు తగ్గినది కంప్యూటరు వచ్చినందువల్ల మాత్రమే కాదు. తోడు తగ్గిన ఇంట్లోకి కంప్యూటరు వచ్చి ఆ ఖాళీలో కూర్చుంది.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు నిర్ధారణలు చేయవచ్చు. ఒకటి, వేలి కదలిక కంప్యూటరుకు విరుద్ధం కాదు. పేపర్ట్, పెర్ల్‌మన్‌ల కృషి, నేటి స్పర్శతెర అందుకు నిదర్శనాలు. దిద్దడం నుంచి సొంతంగా రాయడం వరకు తీసుకుపోయే పాఠాలు కావాలి. రెండు, వర్ణమాల క్రమం యంత్రంలో చెదరలేదు. చెదిరినది ఇంట్లో, రోమన్ మీటల కారణంగానూ, అంతకుముందు నుంచీ ఉన్న ఇంగ్లీషు మోజు కారణంగానూ. యూనికోడ్, స్వరలేఖనం వచ్చిన తర్వాత ఈ తారుమారుకు సాంకేతిక కారణం మిగలలేదు. మూడు, తోడుకు ప్రత్యామ్నాయం ఏ దశలోనూ రాలేదు. తెర మేలు చేసిన ప్రతి సందర్భంలోనూ దాని ఇవతలో అవతలో ఒక మనిషి ఉన్నాడు.

తెలుగు శాఖలు ఇంతవరకు కంప్యూటరును ఎక్కువగా ఖతులు, లిప్యంతరీకరణ, నిఘంటువులు, పాఠ్యనిధుల సమస్యగా చూశాయి. అవి పెద్దల సమస్యలు. శిశువు కోసం తయారయ్యే తెలుగు అక్షర పాఠాలను మూడు ప్రశ్నలతో పరీక్షించే పని మన పరిశోధనలో భాగం కావలసి ఉంది. గుడి, కొమ్ము, తలకట్టు ఏ దిశలో గీయాలో ఈ పాఠం చెబుతున్నదా? గుణింతాలు, ఒత్తుల దాకా నడిపిస్తున్నదా? పక్కన కూర్చునే పెద్దవారికి ఇందులో ఒక పని ఉన్నదా? బాలశిక్షలను, వాచకాలను తరతరాలుగా పరిశీలించిన విభాగాలకు ఈ పని కొత్త కాదు. చదవవలసిన పుస్తకం మాత్రమే మారింది.